వేసవి వంట శిబిరము: ఒక బాలుని అనుభవము

రుచికరమైన వంటను నలభీమపాకమని మెచ్చుకొనుట మన భాషలో వాడుక. నలుడును, భీముడును పురుషులే. పెండ్లి దావతులలో రాగి డేగిసాల ముందు గరిటె పట్టి నిలుచుండు బావర్చీలును పురుషులే. అయినను ఇంటిలో మగపిల్లవాడు పొయ్యి దగ్గరకు వచ్చినచో "నీకిక్కడేమి పని?" అని పంపివేయుట మన కుటుంబములలో నేటికిని జరుగుచున్నది. కూలికి వండినపుడు పురుషుని వృత్తియైనది, కూలి లేక వండినపుడు స్త్రీ ధర్మ మెట్లయినదో ఆలోచింపదగిన విషయము.

గత వేసవిలో మా పదేండ్ల కుమారుడు పట్టణములో జరుగు ఒక వంట శిబిరమునకు పోయెదనని పట్టుబట్టినప్పుడు మేమును అట్లే పలికితిమని ముందుగా ఒప్పుకొనుచున్నాము. ఈత నేర్చుకొమ్మంటిమి, కంప్యూటరు నేర్చుకొమ్మంటిమి, ఉర్దూ దస్తూరియైనను దిద్దుకొమ్మంటిమి. వాడు వినలేదు. వాని తల్లి వాని పక్షము వహించుటచే రుసుము చెల్లింపక తప్పలేదు. ఆ పండ్రెండు దినములలో వాడు నేర్చినదేమి, దాని వెనుకనున్న శాస్త్రమేమి అనునది మన విద్యార్థులకును ఉపయోగపడునని తలచి ఇచట వివరించుచున్నాము.

శిబిరములో ఇరువదిమంది పిల్లలు, వారిలో మగపిల్లలు ముగ్గురు. మొదటి మూడు దినములు ఎవ్వరిని నిప్పు ముట్టనీయలేదు. చేతులు కడుగుకొనుట, కూరగాయలు తరుగుట, నిమ్మకాయ షర్బతు కలుపుట, వడపప్పు నానబెట్టుట, ఇంతే. మావాడు కొంత నిరుత్సాహపడినాడు. కాని కత్తి పట్టు పద్ధతి ఆ మూడు దినములలోనే వానికి అలవడినది. ఎడమచేతి వ్రేళ్ల కొనలను లోనికి ముడిచి, కణుపులను కత్తికి ఆనించి తరిగినచో వ్రేలు తెగదు. మొద్దు కత్తి పదునైన కత్తికంటె ప్రమాదకరము. బలముగా నొక్కవలసి వచ్చును, అప్పుడు జారును.

నాలుగవ దినమున పొయ్యి వెలిగించినారు. అక్కడినుండి వాడు ఇంటికి తెచ్చిన మాటలలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఉష్ణోగ్రతల సంగతి. తెరచిన గిన్నెలో మరుగు నీరు 100 డిగ్రీల సెల్సియసు దాటదు. మంట పెంచినంత మాత్రమున అది మరింత వేడెక్కదు, త్వరగా ఆవిరియగును, అంతే. కావున నీరు మరిగిన పిదప మంట తగ్గించుటయే తెలివి. ప్రెషరు కుక్కరులో ఆవిరి బయటకు పోలేదు గనుక లోపలి పీడనము బయటి వాతావరణ పీడనమునకు దాదాపు రెట్టింపగును. అప్పుడు నీరు సుమారు 120 డిగ్రీలవద్ద గాని మరుగదు. పప్పు త్వరగా ఉడుకుటకు కారణమిదే. ఈ ఉపాయమును 1679లో డెనిస్ పపాఁ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ఇక నూనె ఇంతకంటెను వేడెక్కును. ఉల్లిపాయలోని చక్కెరలును, అమైనో ఆమ్లములును కలిసి ఎర్రని రంగును, కమ్మని వాసనను ఇచ్చు చర్య 140 డిగ్రీల ప్రాంతమున గాని వేగము పుంజుకొనదు. 1912లో దీనిని వివరించిన మయార్ అను రసాయనజ్ఞుని పేరనే ఆ చర్య ప్రసిద్ధము. ఉల్లిపాయను నీటిలో ఎంతసేపు ఉడికించినను బిర్యానీ మీద చల్లుకొను ఎర్రని ముక్క కాకపోవుట ఇందువలననే. పాఠశాలలో బట్టీపట్టి మరచిన మరుగు స్థానము మావానికి ఉల్లిపాయ ముక్కలో అర్థమైనది.

ఒకనాడు వాడు వచ్చి, పప్పు మెత్తబడిన తరువాతనే చింతపండు పులుసు పోయవలెనని తన దాదీకి బోధింప మొదలుపెట్టినాడు. మా అమ్మగారు నవ్వి, "ఈ మాట చెప్పుటకా బేటా, వారు అంత ఫీజు పుచ్చుకొన్నది?" అన్నారు. పులుపు గింజలోని పెక్టిన్‌ను గట్టిగా నిలిపి మెత్తబడనీయదని వాడు కారణము చెప్పగా, ఆమె కొంతసేపు ఊరకుండి, "మా అమ్మకు కారణము తెలియదు, పని తెలియును" అన్నారు. ఎంత బియ్యము, ఎంత ఉప్పు అని వాడడిగిన ప్రతిసారియు ఆమె సమాధానము "అందాజా" అనియే. వాడు ఊరకుండక, ఆమె గుప్పిటి బియ్యమును శిబిరమువారిచ్చిన కప్పులో మూడుమార్లు పోయించి చూచినాడు. మూడుమార్లును ఒకే గీత దగ్గర నిలిచినవి. అందాజా అనగా ఊహ అని మేమింతకాలము తలచియుంటిమి. అది చేతిలోనికి ఎక్కిన కొలత.

ఆగస్టులో వాని తల్లికి జ్వరము వచ్చినది. అమ్మగారు ఊరిలో లేరు. మేము హోటలునుండి ఏదైన తెచ్చెదమని చెప్పులు తొడుగుకొనుచుండగా వాడు కిచిడీ చేసెదనన్నాడు. కుక్కరు దగ్గర పెద్దవారు నిలువవలెనని శిబిరములో నియమమట. కావున మమ్ములను నిలబెట్టి, ఉల్లిపాయలు తరుగుమని, వ్రేళ్లు లోనికి ముడువుమని మందలించినాడు. అడుగున కొంచెము మాడినది. ఆమె రెండు ముద్దలు తిని ఉప్పు తక్కువైనదన్నది, పిదప పళ్లెము ఖాళీచేసినది. ఎం.ఏ. చదువు దినములలో హాస్టలు మెస్సు రెండుదినములు మూతపడగా, గదిలో బియ్యము, పప్పు, విద్యుత్ పొయ్యి ఉండియు మేము నలుగురము అరటిపండ్లతో గడిపితిమి. ఆ సంగతి ఆనాటి రాత్రి మొదటిసారి ఇంటిలో చెప్పితిమి.

ఇది క్రొత్త మాట కాదు. 1937లో గాంధీజీ వార్ధాలో విద్యా మహాసభ జరిపినప్పుడు ఏర్పడిన సంఘమునకు అధ్యక్షుడు డాక్టరు జాకిర్ హుసేన్. 1897లో హైదరాబాదున జన్మించి, 1967లో రాష్ట్రపతియైన మహనీయుడు. చేతిపనిని కేంద్రముగా చేసికొని తక్కిన పాఠములను దానితో ముడివేయవలెనని ఆ సంఘము నివేదించినది. 2020 జాతీయ విద్యావిధానము కూడ ఆరునుండి ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలు పదిదినములు పుస్తకముల సంచి లేక స్థానిక వృత్తులు నేర్వవలెనన్నది. వడ్రంగము, కుమ్మరము, తోటపని అందు పేర్కొనబడినవి. వంట కూడ చేరినచో బాగుండెడిదని మా అభిప్రాయము.

మన కళాశాలా సంఘమువారికి ఒక మనవి. మే మాసములో మన భవనము తాళము వేసియుండును. క్యాంటీను పొయ్యిలు, మన వంటవారు ఉన్నారు. పదిదినములు, ఇరువదిమంది విద్యార్థులు, బాలురకు సగము తగ్గకుండ స్థానములు, ఇంత చాలును. ఒక ఇసుక బక్కెట్టు, పెద్ద మూతలు సిద్ధముగా ఉంచవలెను. నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు, గ్యాసు కట్టి మూత వేయవలెనని మొదటి దినముననే నేర్పవలెను. ఒకనాడు వచ్చి బగారా అన్నము నేర్పుటకు మా అమ్మగారు అంగీకరించినారు. తమ గుప్పిటిని ఎవ్వరును కప్పుతో కొలువరాదని మాత్రము షరతు పెట్టినారు.