మడుగులో దిగే ముందు నీటిని చదవాలి

ఎండాకాలం సెలవుల్లో అడవి అంచున ఓ కాటేజీ తీసుకుని రెండు మూడు రోజులు గడపడం ఇప్పుడు చాలా కుటుంబాలకు ఇష్టమైన విహారం. మారేడుమిల్లి అయినా, కూర్గ్ అయినా, మేఘాలయ కొండలైనా అక్కడికి చేరగానే వచ్చే ప్రశ్న ఒకటే. దగ్గర్లో ఈత కొట్టడానికి మంచి చోటు ఎక్కడుంది? ఫోన్‌లో ఎవరో పెట్టిన వీడియోలో నీలి మడుగు, చుట్టూ బండలు, పైనుంచి దూకే జలపాతం కనిపిస్తాయి. ఆ నీరు ఎంత లోతో, ఏ వేగంతో పారుతోందో, ఎగువన ఏముందో మాత్రం అందులో కనిపించదు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో నీట మునిగి 38 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వీరంతా విహారానికి వెళ్లినవారు కాదు. అయితే విహారంలో జరిగే ప్రమాదాల వెనుక పదేపదే కనిపించే కారణాలు కొన్నే. వాటిలో చాలావాటిని హైస్కూలు భౌతికశాస్త్రం వివరిస్తుంది. గట్టు మీద నిలబడే పసిగట్టవచ్చు కూడా.

కన్ను తక్కువగా చూపే లోతు

నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. అడుగు నుంచి వచ్చే కాంతి కిరణాలు నీటిని దాటి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతాయి. అందుకే సరిగ్గా పైనుంచి చూసినా మడుగు లోతు అసలు దానిలో నాలుగింట మూడు వంతులే అనిపిస్తుంది. రెండు మీటర్ల నీరు మీటరున్నరగా కనిపిస్తుంది. గట్టు మీద నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. మెడ లోతే కదా అనుకుని దిగిన మనిషికి తల మునిగిపోయేది ఇలాంటి చోటే. నీరు ఎంత తేటగా ఉంటే ఈ భ్రమ అంత నమ్మకంగా ఉంటుంది.

పైగా ఏటి అడుగు సమతలంగా ఉండదు. సుడి తిరిగే నీటిలో గులకరాళ్లు ఏళ్ల తరబడి బండను ఒరిసి కుండల్లాంటి గుంతలు తొలుస్తాయి. మహారాష్ట్రలోని నిఘోజ్ దగ్గర కుకడి నదిలో ఇలాంటివి పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మైదాన నదుల్లో ఇసుక తవ్విన గోతులు మోకాలి లోతు నీటి పక్కనే పొంచి ఉంటాయి. అందుకే కర్రతో అడుగు తడుముకుంటూ మెల్లగా దిగాలి. తెలియని నీటిలోకి తలకిందులుగా దూకితే అడుగున రాయి తగిలి మెడ ఎముక విరిగే ప్రమాదం ఉంది.

ఆకు చెప్పే వేగం

ప్రవాహ వేగం కొలవడానికి పరికరం అక్కర్లేదు. గట్టు వెంట 10 మీటర్లు అడుగులతో కొలిచి, ఒక ఎండుటాకును నీటిలో వదిలి, ఆ దూరం ఎన్ని సెకన్లలో దాటిందో చూస్తే చాలు. పది సెకన్లు పడితే వేగం సెకనుకు ఒక మీటరు. అయిదు సెకన్లే పడితే రెండు మీటర్లు.

ఈ తేడా చిన్నది కాదు. నీరు తోసే బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. తొడల లోతు నీటిలో నిలబడిన మనిషి మీద సెకనుకు ఒక మీటరు వేగంలో సుమారు 10 కిలోల బరువుకు సమానమైన తోపుడు ఉంటుంది. వేగం రెట్టింపైతే అది 40 కిలోలకు, మూడింతలైతే 90 కిలోలకు చేరుతుంది. కాళ్ల కింద నాచు పట్టిన బండ ఉంటే మొదటి అంకెకే పట్టు తప్పవచ్చు.

జలపాతం కిందికి నేరుగా వెళ్లాలన్న కోరికను కూడా అదుపులో పెట్టుకోవాలి. అక్కడి తెల్లటి నురుగులో గాలి బుడగలు నిండి ఉంటాయి. అందులో మూడో వంతు గాలే అనుకుంటే ఆ నీటి సాంద్రత కూడా మూడో వంతు తగ్గుతుంది. మామూలు నీటిలో తేలే శరీరం అందులో మునుగుతుంది. పడిన నీరు అడుగుకు వెళ్లి, మళ్లీ పైకి లేచి, తిరిగి జలపాతం వైపే లాగుతుంది. ఎంత బాగా ఈత వచ్చినా ఈ సుడి నుంచి బయటపడటం కష్టం.

ఎగువన ఏముంది?

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలోని బండల మీదికి దిగారు. ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీరు వదలడంతో ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న మరొకరు కొట్టుకుపోయారు. అప్పటివరకు నది ప్రశాంతంగానే ఉంది.

కాబట్టి మడుగును ఎంచుకునే ముందు మ్యాప్‌లో ఎగువ వైపు చూడాలి. ఆనకట్ట ఉంటే నీరు వదిలే వేళలు కనుక్కోవాలి. కొండ వాగుల్లో ఇక్కడ ఎండ కాస్తున్నా, పైన కురిసిన వాన వరదగా దిగివస్తుంది. నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోవడం మంచిది. ఆ రాయి మునుగుతున్నా, నీరు బురద రంగు తిరుగుతున్నా, ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కాలి.

హిమాలయ నదులకు ఇంకో లక్షణం ఉంది. మంచు కరిగిన నీరు వేసవిలోనూ చల్లగానే ఉంటుంది. అందులో ఒక్కసారిగా దూకితే ఊపిరి తనంతట తానే లోపలికి గుంజుకుంటుంది. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే నీరే లోపలికి వెళుతుంది.

తేట వేరు, శుభ్రత వేరు

మేఘాలయలోని జైంతియా కొండల్లో బొగ్గు గనుల ఆమ్ల జలాలు కలిసి కొన్ని నదులు దెబ్బతిన్నాయి. అక్కడి లూఖా నది చలికాలంలో అందమైన నీలి రంగులోకి మారుతుంది. ఆ నదిలోనే చేపలు చచ్చి తేలిన సందర్భాలున్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ ప్రకారం ఆరుబయట స్నానానికి తగిన నీటిలో ఉదజని సూచిక 6.5 నుంచి 8.5 మధ్య, లీటరుకు కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఇవి కంటికి కనిపించవు. చిన్న చేపలు, కప్పలు తిరుగుతుండటం మంచి సూచన. పచ్చటి చిక్కటి తెట్టు, దుర్వాసన ఉంటే వదిలేయాలి.

ఎండకు వేడెక్కిన నిలవ నీటిలో నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఉండవచ్చు. ఇది ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది. సోకడం అరుదే అయినా చాలావరకు ప్రాణాంతకం. కేరళలో ఇలాంటి కేసులు నమోదయ్యాయి. కాబట్టి అలాంటి నీటిలో తల ముంచకపోవడమే మేలు. ఒంటి మీద గాయాలుంటే ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు.

ఇన్ని పరీక్షల కన్నా ముందు చేయాల్సింది మరొకటి ఉంది. అక్కడ చేపలు పట్టేవారినీ, పశువులు కాసేవారినీ అడగాలి. వారు ‘గుండం’ అని పిలిచే చోట లోతు ఉంటుందని ఆ పేరే చెబుతోంది. పిల్లలు రోజూ ఈదే చోటు ఏదో కూడా వారికే తెలుసు.

వెంట పొడవైన తాడు, మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ డబ్బా ఉంచుకోవాలి. ఆ డబ్బా దాదాపు 20 కిలోల బరువును తేల్చగలదు. మనిషి తల నీటి పైన నిలవడానికి అందులో నాలుగో వంతు చాలు. ఎవరైనా మునుగుతుంటే వెనుకే దూకకుండా తాడు కట్టిన డబ్బాను విసరాలి. అలా చేస్తే ఒకరిని కాపాడబోయి ఇద్దరు మునిగే ప్రమాదం తప్పుతుంది.