తల్లి పడిన కష్టం బిడ్డను తాకుతుందా?

“నేను ఆకలితో పెరిగాను. నా బిడ్డ బలహీనంగా పుట్టడం మా వంశానికి ఉన్న శాపమా?” అని కొందరు తల్లులు బాధపడుతుంటారు. ఇది శాపం కాదు. అయితే తల్లి బాల్యానికీ, బిడ్డ ఆరోగ్యానికీ సంబంధం ఉన్న మాట నిజమే.

ఆడశిశువు గర్భంలో ఉండగానే ఆమె అండాలు తయారవుతాయి. అంటే మీరు పుట్టిన అండం మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే ఏర్పడింది. చిన్నప్పుడు సరిగా తిండి లేని అమ్మాయి పొట్టిగా, రక్తహీనతతో ఎదిగితే, ఆమెకు తక్కువ బరువు బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. భయం, దిగులు కలిగినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. మాయ దానిని చాలావరకు అడ్డుకున్నా, కొంత బిడ్డకు చేరుతుంది.

1944-45 చలికాలంలో హాలెండులో కరువు వచ్చింది. అప్పుడు కడుపున పడినవారి జన్యువులపై 60 ఏళ్ల తరువాత కూడా కొన్ని రసాయన గుర్తులు కనిపించాయి. తల్లి బాల్యంలో ఏర్పడిన గుర్తులు బిడ్డకు ఎంతవరకు వెళ్తాయనే దానిపై పరిశోధన ఇంకా సాగుతోంది.

ఇది మన ప్రాంతానికి దూరపు సంగతి కాదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో హింసకు భయపడి ఎన్నో గుత్తికోయ కుటుంబాలు అడవి దాటి మన వైపు వచ్చాయి. ఆనాటి చిన్నపిల్లలు నేడు తల్లులయ్యే వయసులో ఉన్నారు.

మరి దీనికి మార్గం లేదా? ఉంది. 1987-90లో హైదరాబాద్ దగ్గర 15 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారంగా రోజూ ఉప్మా పెట్టారు. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు పరీక్షించారు. పొరుగున ఉన్న మరో 14 గ్రామాల పిల్లలకంటే వారు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నారు. వారి ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి.

కాబట్టి మనం చేయవలసినవి ఇవి:

* ఇంట్లో ఆడపిల్లకూ మగపిల్లవానితో సమానంగా గుడ్డు, పప్పు, ఆకుకూర పెట్టండి.
* 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకండి.
* గర్భిణి ఐరన్ మాత్రలు, అంగన్‌వాడీ భోజనం మానకూడదు.
* గర్భిణిని కొట్టడం, తిట్టడం కడుపులోని బిడ్డకూ హాని. భర్తలు, అత్తమామలు ఇది గమనించాలి.
* పాత భయాలు, నిద్రలేమి ఉంటే నర్సమ్మతో చెప్పుకోండి. అది సిగ్గుపడే విషయం కాదు.

పెద్దల దోషాన్ని పిల్లలు మోయనక్కరలేదని యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం బోధిస్తుంది. బలహీనంగా ఉన్న తల్లిని నిందించకండి. ఆమెకు ముందుగా అన్నం వడ్డించండి.