మీకు తెలుసా? ఫోను ఒకటే, సెక్షన్లు మూడు

సంతలో వంకాయలు ఏరుతున్నారు. తలెత్తేసరికి చొక్కా జేబులో ఫోను లేదు. పాతది, అమ్మితే నాలుగు వేలు వస్తే గొప్ప. 2024 జూలై 1కి ముందైతే దాని ధరతో పనిలేదు, పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన దొంగతనమే. ఆ రోజు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఇప్పుడు సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే సెక్షన్ 303 కింద మామూలు దొంగతనం నాన్-కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయకూడదు. మొదటిసారి నేరం రుజువైనవాడు సొత్తు తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవే.

అదే ఫోనులో మీరు మాట్లాడుతుండగా బైకు మీద వచ్చినవాడు లాక్కుపోతే? అది స్నాచింగ్, సెక్షన్ 304. పాత శిక్షాస్మృతిలో ఈ పేరుతో విడిగా నేరమే లేదు. ఇక్కడ ధర చూడరు. మూడేళ్ల దాకా జైలు, పైగా నాన్-బెయిలబుల్.

ఇంట్లో కిటికీ పక్కన ఛార్జింగ్ పెట్టిన ఫోనును చెయ్యి దూర్చి తీసుకుపోతే సెక్షన్ 305. ఏడేళ్ల దాకా పడుతుంది. బస్సులో పైన పెట్టిన సంచిలోంచి తీసినా ఇదే సెక్షన్. ఇక్కడా ఫోను నాలుగు వేలదా, నలభై వేలదా అన్న లెక్క లేదు.

5,000 గీత నాకు న్యాయంగా అనిపించదు. కూలికి వెళ్లే మనిషికి ఆ నాలుగు వేల ఫోనే బ్యాంకు, మేస్త్రీ పిలుపు కూడా దానికే వస్తుంది. అది పోతే మేజిస్ట్రేటు దాకా తిరగమనడం ఆమెకు రెండు రోజుల కూలి పోగొట్టడమే.

ఫిర్యాదులో చాలామంది "నా ఫోను పోయింది" అని రాసిస్తారు. మన మాటలో పారేసుకున్నా పోయినట్టే, దొంగ ఎత్తుకెళ్లినా పోయినట్టే. చట్టానికి మాత్రం రెండోదే నేరం. అందుకే ఎక్కడ, ఎలా తీశారో, అప్పటి విలువెంతో విడమరిచి రాయండి. నాన్-కాగ్నిజబుల్ అయినా స్టేషన్లో దాని సారాంశం పుస్తకంలో నమోదు చేసి, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. ఎఫ్ఐఆర్ కడితే దాని కాపీ మీకు ఉచితంగా, అప్పటికప్పుడే ఇవ్వాలి.