‘చేసిందట’ సరే... ఏం చేసింది?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పల్లెల్లో ‘ఆమె చేసిందట’ అంటే చాలు. ఏం చేసిందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బాణామతి, చేతబడి అని అందరికీ అర్థమైపోతుంది. బర్రె పాలివ్వకపోయినా, పసిపిల్లకు జ్వరం తగ్గకపోయినా ఆ మాట ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ ఒకరు తరచుగా దిక్కులేని ముసలావిడో, మొగుడు పోయిన ఆడదో అయి ఉంటుంది. మగవాళ్లూ తప్పించుకోలేరు.

నేను వకీలుని. మహిళా సంఘాల మీటింగుల్లో చట్టాల గురించి చెప్పడానికి వెళ్తుంటాను. అక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. “మేడం, మంత్రాలు చేసేటోళ్లకు చట్టంల శిక్ష లేదా?”

నేను తిరిగి అడుగుతాను: “ఆమె ఏం చేసింది? ఎవరు చూసిన్రు?”

చట్టం అడిగేదీ అదే. మామూలుగా నేరం అనాలంటే రెండు కలవాలి. ఒకటి చెడు తలంపు, రెండోది చేత. ఈ చేతనే న్యాయశాస్త్రంలో ‘ఆక్టస్ రియస్’ అంటారు. మాట లాటిన్‌దే గానీ సంగతి కష్టమైందేం కాదు. పొరుగావిడ మీద మనసులో ఎంత కసి ఉన్నా, అది చేతల్లోకి రానంతవరకు శిక్ష లేదు. దొంగ ఖాళీ జేబులో చెయ్యి పెట్టినా నేరప్రయత్నమే అని చట్టమే ఉదాహరణ ఇచ్చింది. డబ్బు దొరక్కపోయినా చెయ్యి పెట్టాడు కదా! దొంగతనం చేద్దామనుకుని, మనసు మార్చుకుని ఇంటికెళ్లిపోయినవాడి జోలికి మాత్రం పోదు.

కొన్నిసార్లు చెయ్యకపోవడమూ నేరమే. చూసుకోవాల్సిన బాధ్యత ఉండీ, చంపాలనే ఉద్దేశంతో కొంత తిండి పెట్టకుండా, కొంత కొట్టి ప్రాణం తీస్తే అది హత్యే.

మరి నిమ్మకాయ కోసి మంత్రం చదివితే? దానివల్ల పక్కింటి పిల్లకు జ్వరం రాదు. మంత్రానికీ జ్వరానికీ ముడిపెట్టే రుజువు ఏ కోర్టులోనూ దొరకదు. అయితే ‘నీ మీద ప్రయోగం జరిగింది, విప్పుతాను’ అని అబద్ధం చెప్పి డబ్బు గుంజే భూతవైద్యుడిది మోసం. అక్కడ కళ్లముందు ఒక చేత ఉంది.

అన్నిటికంటే పెద్ద చేత ఊరివాళ్లది. మంత్రం పలకకుండా చెయ్యాలని మనుషుల పళ్లు ఊడగొట్టిన సంఘటనలు తెలంగాణలో ఉన్నాయి. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న జగిత్యాలలో, 2022 జనవరిలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతోనే ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు.

ఇలాంటిచోట ‘నేను ఒక్క దెబ్బే వేశాను’, ‘నేను పట్టుకున్నానంతే’ అంటే చెల్లదు. ఒకే ఉద్దేశంతో నలుగురు కలిసి చేస్తే, ప్రతి ఒక్కరూ మొత్తం తనే చేసినట్టు లెక్క. ‘కొట్టండిరా’ అని ఉసిగొల్పినా నేరమే. ఎక్కడో నిలబడి చూసినంత మాత్రాన నేరస్తులు కారు గానీ, ఆ నోటిమాట కూడా చేతే అవుతుందని మరిచిపోకూడదు. 2024 జులై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి తప్ప ఈ సూత్రం మారలేదు. ‘నిజంగానే మంత్రగత్తె అని నమ్మాం’ అన్నంత మాత్రాన హత్య ఒప్పయిపోదు.

అక్కలారా, పిల్లకు జ్వరమొస్తే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎవరి మీదైనా ఇలాంటి అనుమానం గుసగుసగా మొదలైతే, అది పంచాయితీ దాకా పోకముందే పోలీసులకు చెప్పండి. ప్రమాదం ముంచుకొస్తే 112కు ఫోన్ చెయ్యండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

అన్నిటికంటే ముందు మనం చెయ్యగలిగింది ఒకటుంది. వాకిట్లోనో నల్లా దగ్గరో ఎవరైనా ‘ఆమె చేసిందట’ అంటే తల ఊపకండి. ‘ఏం చేసింది? నువ్వు చూసినవా?’ అని అక్కడే అడగండి. కోర్టు అడిగే ప్రశ్న కోర్టు దాకా పోకముందే ఒక ఆడది అడిగితే, ఇంకో ఆడదాని ప్రాణం నిలబడుతుంది.