తెరపై మెఱయు దోషవాక్యములు

లినక్సు గల కంప్యూటరును మీట నొక్కి మేల్కొలిపినప్పుడు, లాగిన్ తెర కానవచ్చుటకు ముందు, నల్లని తెరపై ‘ఏసీపీఐ బయాస్ ఎర్రర్’ అను తెల్లని పంక్తులు క్షణకాలము మెఱసి మాయమగుట చూచి, యంత్రము చెడినదేమో యని గుండె గుభిల్లుమనువారు పెక్కండ్రు. వాస్తవమున నది తఱచుగా నిరపాయమైన ఫిర్యాదు మాత్రమే. విద్యుత్తును, ఉష్ణమును, బ్యాటరీని గూర్చిన వివరములను తయారీదారులు మదర్‌బోర్డు ఫర్మ్‌వేరునందు ‘ఏసీపీఐ’ పట్టికలుగా వ్రాసి యుంతురు. ఆ పట్టికలయం దెచ్చటను నిర్వచింపని పేరొకటి ప్రయోగింపబడి యున్నచో, లినక్సునకు మూలభాగమగు కెర్నెలు దానిని వెదకి కానక, ఆ సంగతి తెరపై ప్రకటించి, తన పని తాను సాగించుకొనును.

కెర్నెలు తన సందేశములను 0 మొదలు 7 వఱకు ఎనిమిది తరగతులుగా విభజించును: 0 మహావిపత్తు, 3 దోషము, 4 హెచ్చరిక. ‘క్వయట్’ అను ఆజ్ఞ 4వ తరగతి మొదలు పైవానిని మాత్రమే అణచును గనుక, అది యున్నను దోషవాక్యములు తెర కెక్కుచునే యుండును. లినక్సును మేల్కొలుపు ‘గ్రబ్’ అను బూట్‌లోడరు అమరికలో ‘లాగ్‌లెవెల్=3’ అని చేర్చి, ఉబుంటులోనైన ‘అప్‌డేట్-గ్రబ్’ను నడపినచో నవియు నణగును.

అయితే వాని నోరు మూయించుటకు ముందు, ‘జర్నల్‌సీటీఎల్’తో చిట్టాను చదువుట వివేకము. వైఫై, ధ్వని, బ్యాటరీ సక్రమముగా నున్నచో చింత వలదు. డిస్కు పేరిట ‘ఐ/ఓ ఎర్రర్’ కనబడినచో మాత్రము, తక్షణమే దస్త్రములకు నకళ్లు తీసికొనవలయును.