చేతి పట్టు తగ్గుతోందా? అలసటనుకుని వదిలేయకండి

నంద్యాల చుట్టుపక్కల పత్తి తీత మొదలైతే వేళ్లకు తీరిక ఉండదు. ఆళ్ళగడ్డ శిల్పుల చేతిలో ఏడాది పొడవునా ఉలీ సుత్తీ ఉండాల్సిందే. పనెక్కువై చేయి లాగితే రెండు రోజుల్లో సర్దుకుంటుంది. అలాకాక ఏళ్ల తరబడి పట్టు సడలుతూ, చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమై, బొటనవేలి కింద కండ కరిగిపోతుంటే అది ఒట్టి అలసట కాదు. పాదం విల్లులా వంగి, గట్ల మీద మడమ మెలికపడుతూ, ఇంట్లో తండ్రికో మేనత్తకో ఇదే తీరు ఉంటే వంశపారంపర్య నరాల జబ్బు కావచ్చు.

1886లో ఈ జబ్బును వివరించిన షార్కో, మరీ, టూత్ అనే ముగ్గురు వైద్యుల పేర్లే దీనికి పెట్టారు. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మోటారు బాగున్నా కరెంటు తీగ పాడైతే నీళ్లు రావు కదా, ఇదీ అంతే. కండకు కబురందించే నరం చెడుతుంది. పొడుగు నరాలు ముందు దెబ్బతింటాయి గనుక పాదాల్లో మొదలై చేతులకు వస్తుంది. ఇది అంటుకోదు. కొన్ని రకాలు మేనరికాల్లో ఎక్కువగా బయటపడతాయి.

మరి పని చేస్తే ఉన్న బలమూ పోతుందా? ఎక్కువగా వాడే చేయే బలహీనపడుతోందని 2003లో ఇటలీ వైద్యులు రాశారు. 2014లో రెండొందల మందికి పైగా రోగులను పరిశీలించినప్పుడు మాత్రం అది తేలలేదు. కాబట్టి భయపడి చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు; వాడని కండ ఇంకా తగ్గుతుంది. అలాగని చేయి వణికేదాకా లాగడమూ తగదు. మరునాటికీ నొప్పి, నీరసం తగ్గలేదంటే పని మించిందన్నమాట. గంటకోసారి చేయి ఆపండి. కొడవలి పిడికి పాత సైకిల్ ట్యూబు చుడితే లావై పట్టు చిక్కుతుంది. చేత్తో కొట్టే స్ప్రేయర్ బదులు బ్యాటరీది మేలు. స్పర్శ తగ్గినవాళ్లు ముల్లు గుచ్చుకున్నా, చేయి కాలినా తెలియదు, రోజూ రాత్రి చేతులూ కాళ్లూ చూసుకోవాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వంశంలో ఉన్నదే అని ఇంట్లోనే తేల్చేసుకోవద్దు. షుగరు వల్లా చేతులు తిమ్మిరెక్కుతాయి. స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు కావచ్చు, దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులున్నాయి, నయమవుతుంది. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి. ముందు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. నరాల పరీక్ష అవసరమైతే కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో న్యూరాలజీ విభాగం ఉంది. వంశపారంపర్య జబ్బేనని తేలితే, దాన్ని పూర్తిగా తగ్గించే మందు ఇంకా రాలేదు. కానీ వ్యాయామం, కాలికి ఆసరా పట్టీలు బాగా ఉపకరిస్తాయి. ఏ జబ్బుకు వైద్యం చేయించుకున్నా ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మందు వీరి నరాలను బాగా దెబ్బతీస్తుంది.