లేఖన శ్రవణము - మనస్సాక్షి

తెలుగున 'మనస్సాక్షి' యను పదము మనస్సునందున్న సాక్షిని తెలుపుచున్నది. లాటిన్ భాషలో దీనికి సమమగు 'కోన్సియెంతియా' యను పదమునకు 'కూడి యెఱుగుట' యని వ్యుత్పత్త్యర్థము. సాక్షి తానెఱిగినదానినే చెప్పగలడు; ఎఱుగనిదానిని గూర్చి సాక్ష్యము పలుకజాలడు. కావుననే మనస్సాక్షిని అనుసరింపుమని విధించిన కతోలిక ధర్మబోధ, అది అజ్ఞానముచే పొరబడవచ్చుననియు, దానికి శిక్షణ కావలెననియు గూడ చెప్పుచున్నది. ఆ శిక్షణకు సాధనములు పెక్కు కలవు. వానిలో దివ్యబలిపూజయందు వినబడు లేఖనము ఏ విధముగా పనిచేయునో ఒక చారిత్రకోదాహరణముతో వివరించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

గ్రంథమును ఇంట చదువుకొనుటకును ఆరాధనలో వినుటకును గల భేదమును మొదట గుర్తింపవలెను. చదువరి తనకు నచ్చిన పుటను తెఱవగలడు. నొప్పించు పుటను దాటిపోగలడు. ఆరాధనలో శ్రోతకు ఈ స్వేచ్ఛ లేదు. ఏ ఆదివారమున ఏ భాగము చదువవలెనో ముందే నిర్ణయమైయున్నది. ఇక, ఆ వాక్కును అతడొక్కడే వినుట లేదు. అతనికి అప్పిచ్చినవాడును, అతని పొలమున పనిచేయువాడును అదే కప్పుక్రింద నిలిచి వినుచుందురు. అదియునుగాక, నియతకాలమునకు ఆ భాగము మరల వచ్చును. మన వేదాంతులు శ్రవణ మనన నిదిధ్యాసనములను వరుసగా చెప్పిరి. ఇచట శ్రవణమే పునరావృత్తమై మననమును ప్రేరేపించుచున్నది. సువిశేష పఠనమునకు ముందు విశ్వాసులు నుదుటను, పెదవులపైని, ఱొమ్మునను సిలువగుర్తు వేసికొందురు. విన్నది బుద్ధికెక్కి, వాక్కున వెలువడి, హృదయమున నిలువవలెనని దాని భావము.

అయినను వినుట యెల్ల ఫలించునా? ఈ ప్రశ్నకు 16వ శతాబ్దపు స్పానిష్ వలసల చరిత్రలో గట్టి నిదర్శనము దొరకుచున్నది. కరీబియన్ సముద్రమునందలి హిస్పనియోలా ద్వీపమున ఆనాడు 'ఎన్‌కొమియెండా' యను పద్ధతి యుండెను. ఒక్కొక్క వలసదారునకు కొందఱు ఆదిమవాసులను అప్పగింతురు. అతడు వారికి మతబోధ చేయించవలెనను నెపమున వారిచే పొలములందును బంగారు గనులందును వెట్టి చేయించుకొనును. 1511 డిసెంబరు 21వ తేదీ ఆగమనకాలమున నాలుగవ ఆదివారము. సాంతో దొమింగో దేవాలయమున ఆనాటి సువిశేషము, స్నాపక యోహాను తాను ఎడారిలో ఎలుగెత్తు స్వరమునని చెప్పుకొన్న ఘట్టము. దొమినికను సన్యాసి అంతోనియో దె మొంతెసీనోసు దానినే ఆధారము చేసికొని, ఆ ద్వీపమునందలి స్పెయినువారి మనస్సాక్షియే ఆ యెడారి యని ప్రసంగించెను. ఈ ప్రజలు మనుష్యులు కారా, ఏ హక్కుతో వీరిని బానిసలుగా నుంచితిరి అని ప్రశ్నించెను. పాలకుడు దియెగో కొలంబసు మొదలగువారు ఆగ్రహించి, మాట వెనుకకు తీసికొనవలెనని పట్టుబట్టిరి. మరుసటి ఆదివారము అతడు ఆ మాటనే మఱింత దృఢముగా చెప్పెను.

ఈ వృత్తాంతమును మనకు భద్రపఱచినవాడు బర్తొలొమె దె లాస్ కాసాస్. ఆ ప్రసంగముచే కొందఱు నివ్వెఱపోయిరనియు, మారినవాడు మాత్రము ఒక్కడును లేడనియు అతడు వ్రాసినాడు. అతడును అప్పటికి వెట్టివారిచే పని చేయించుకొనుచున్నవాడే. ఆ కారణముచే ఒక దొమినికను గురువు అతని పాపసంకీర్తనమును వినుటకు నిరాకరించెను. అప్పటికిని అతడు మారలేదు. 1514లో క్యూబా ద్వీపమున, తానే గురువై, పెంతెకోస్తు పండుగ ప్రసంగమును సిద్ధపఱచుకొనుచు సీరా పుత్రుని జ్ఞానగ్రంథమున 34వ అధ్యాయమును చూచెను. కతోలిక బైబిలున నున్న ఈ గ్రంథము ప్రొటెస్టంటుల బైబిలులో చేరలేదు. అన్యాయార్జితమును దేవునికర్పించుట పరిహాసమనియు, పేదవాని కూటిని హరించువాడు హంతకుడనియు ఆ యధ్యాయ తాత్పర్యము. వినిపింపవలసినవాడే ముందుగా వినవలసి వచ్చెను. కొన్ని దినములు ఆలోచించి, తన యధీనమందున్న ఆదిమవాసులను విడిచిపెట్ట నిశ్చయించి, ఆగస్టు 15వ తేదీ పండుగనాడు ప్రసంగపీఠమునుండి దానిని ప్రకటించెను. 1566లో మరణించువఱకును ఆ ప్రజల పక్షముననే పోరాడెను.

ఇందు రెండంశములు గమనింపదగియున్నవి. మొదటిది, శ్రవణమునకును మార్పునకును నడుమ వ్యవధి యుండును. ఒకరి ప్రసంగము, ఒకరి నిరాకరణము, చివరకు లేఖనము కలిసి అతనియందు పనిచేసినవి. రెండవది, ఒకమారు మేల్కొన్న మనస్సాక్షి అంతటితో పూర్ణము కాలేదు. ఆదిమవాసుల భారము తగ్గుటకై ఆఫ్రికా బానిసలను తెప్పించుకొన ననుమతింపవలెనని 1516లో సూచించినవాడును ఇతడే. అదియు అన్యాయమేయని పిమ్మట గ్రహించి, తన 'ఇండీసు చరిత్ర'లో పశ్చాత్తాపపడెను. కావున వినుట తుదివఱకును సాగవలసిన సాధన.

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4వ తేదీన వెలువరించిన ఆరాధన సంవిధానము లేఖన భాండారమును ప్రజలకు విరివిగా తెఱవవలెనని కోరెను. దేశభాషల వాడుకకును అవకాశ మొసగెను. దాని ననుసరించి 1969లో నూతన పఠనక్రమము ఏర్పడెను. పూర్వపు ఏకవర్ష క్రమమునకు మాఱుగా ఆదివార పఠనములు మూడేండ్ల చక్రమున తిరుగుచున్నవి. మత్తయి, మార్కు, లూకా సువిశేషములు ఒక్కొక్క యేటికి ప్రధానమైనవి. నేడు తెలుగునాటి కతోలికులును ఈ క్రమమునే తమ భాషలో వినుచున్నారు. లూకా సంవత్సరమున సామాన్యకాలపు 25వ ఆదివారము ఆమోసు ప్రవక్త గ్రంథమునుండి ఒక భాగము వచ్చును. విశ్రాంతిదినము ఎప్పుడు ముగియునా, దొంగత్రాసుతో ధాన్యమెప్పుడు అమ్ముదుమా యని ఎదురుచూచు వర్తకులను ప్రవక్త అందు నిందించును. ఆరాధన ముగియగానే అంగడి తెఱవవలసిన వర్తకుడు ఆ మాటను ఆరాధనలోనే వినుచున్నాడు. ఆ మాటను అతడు కోరి ఎన్నుకొనలేదు. బోధకుడు అతనిపై గుఱిపెట్టి ఎన్నుకొనలేదు. కనుక దానిని పగగా భావించి త్రోసివేయుటకు అతనికి వీలులేదు. మూడేండ్లకు మరల అదే ఆదివారము వచ్చును. అప్పటికి అతని త్రాసు ఎట్లున్నదో అతని మనస్సాక్షి యెఱుగును.